మొదటి గుక్క పాలు

పోయిన సోమవారం పొద్దున్నే, డైరీ పాల క్యాన్లు మోసుకెళ్లే మనిషి మా పశువుల ఆస్పత్రి ముందు సైకిలు ఆపాడు. కాలు నేలకు ఆన్చి, దిగకుండానే చెప్పాడు.

"కాంపౌండరు బావూ, దూడలమ్మ పోనాది. నిన్ననే మట్టి సేసీసినారు."

మూడు రోజుల జ్వరమట. నాకెవరూ కబురు పెట్టలేదు. పెట్టడానికి నేను ఆమెకు ఏమవుతానని?

నెల్లిమర్ల దారిలోని ఆ గేదెల డైరీలో పుట్టిన ప్రతి దూడనూ చూసుకునేది ఆమే. అందుకే అందరూ దూడలమ్మ అనేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈనలేక అవస్థపడుతున్న గేదె ఉందంటే పరుగెత్తాను. నేను సబ్బుతో చేతులు కడుక్కునేలోపే ఆమె దూడను బయటికి తీసేసింది. కొంగుతో దాని ముక్కులోని జిగురు తుడిచింది. గిట్టల కొసన మెత్తటి పొర గోటితో గిల్లేసి, బొడ్డుకు పసుపద్ది, తల్లి పొదుగు దగ్గరికి నడిపించింది.

"పుట్టినోడి మొదటి గుక్క ఎవులూ తియ్యకూడదు బావూ" అంది.

తరవాత వానలు మొహం చాటేశాయి. గడ్డి కరువైంది, పాలు తగ్గాయి. పెయ్యదూడలకు ఒక్క చన్ను వదలమనీ, ఎదిగినా పాలివ్వని దున్నదూడలకు చుక్క కూడా వద్దనీ యజమాని చెప్పాడు. దూడలమ్మ ఎదురాడలేదు. తన మధ్యాహ్నం అన్నంలోంచి గంజి వార్చి, వేలు ముంచి వాటి నోట్లో పెట్టేది. పసి కడుపులకు గంజి అరగదు. తెల్లటి విరేచనాలు పట్టి, ఒకటొకటే పడిపోయేవి.

"మందేటైనా ఉన్నాదా బావూ?"

"రేపొస్తుంది" అనేవాణ్ణి. మా బీరువాలో సీసాలు ఖాళీ అయి చాలా రోజులైంది. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది.

ఒకరోజు పెద్ద నల్లగేదె ఈనింది. మళ్లీ దున్నదూడే. దాన్ని లాగి కట్టేయడానికి పాలేరు పలుపు తెస్తే, ఆమె అడ్డంగా నిలబడింది.

"ఈ ఒక్కపూటా తాగనీరా. పున్నెముంటాది."

దూడ కడుపునిండా తాగింది. యజమాని వచ్చి చూశాడు. కేకలేయలేదు. రెండు రోజులు పశువుల సాలలోకి రావద్దన్నాడు, అంతే. ఆమె తిరిగొచ్చేసరికి దూడ మెడ నిలపలేకపోతోంది. దాని తల ఒళ్లో పెట్టుకొని కూచుంది. ఎండ నడినెత్తికి రాకముందే అది పోయింది.

దూడ లేనిదే గేదె చేపదు, చేపనిదే పాలు దిగవు. అందుకని దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి కుట్టించారు. ఎవరు దగ్గరికి వెళ్లినా గేదె తంతోంది. ఆమె చేతిని మాత్రం రానిస్తుంది. కనుక ఆ బొమ్మను పట్టుకొని నిలబడే పని ఆమెకే పడింది.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. గేదె వాసన చూసింది. నాకడం మొదలుపెట్టింది. పాలు చేపింది. బొమ్మను రెండు చేతులా పట్టుకొని, దూడలమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

"గొడ్డుకి నాసేత అబద్దం సెప్పించినారు బావూ."

"నీ తప్పేముంది?" అన్నాను.

"తప్పెవులిదైతేనేటి, సెయ్యి నాదే గదా."

ఆ తరవాత ఆమె పాలూ మజ్జిగా ముట్టలేదు. అక్కడ పని మానెయ్యొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"నాను పోతే పుట్టినోడికి ముక్కు తుడిసేదెవులు?" అంది.

ఇంకా రెండు వేసవులు అక్కడే చేసింది. ఈ చేతులకు ఈనే గేదెను పట్టుకోవడం నేర్పింది ఆమే. బదులుగా నేనిచ్చింది "రేపొస్తుంది" అన్న మాటొక్కటే. మందు రాలేదు. డైరీ పద్ధతీ మారలేదు. మారుతుందన్న నమ్మకం నాకిప్పుడు లేదు.

కబురు విన్నరోజే డైరీకి వెళ్లాను. సాలలో ఆమె రాత్రుళ్లు పడుకునే మూల అప్పటికే ఊడ్చేశారు. పక్కనే గుంజకు ఒక దున్నదూడ కట్టేసి ఉంది. పుట్టి మూడు రోజులై ఉంటుంది. డొక్కలు లోపలికి పోయాయి. తాడు ముడి దాని మెడకు ఒరుసుకుంటుంటే, వదులు చేద్దామని వంగాను. అది నా చొక్కా అంచు నోట్లోకి లాక్కుంది. కళ్లు మూసుకొని, తోక ఆడిస్తూ చప్పరించసాగింది. ఉత్త గుడ్డ. దానికా సంగతి తెలిసేదాకా నేను కదలకుండా అలాగే వంగి ఉన్నాను.