పాసౌ గోడ దగ్గర అంటిన మరక

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ చులకనే. "మా బాబాయి కళ్లారా చూశాడట" అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు నేనే ఇలాంటిది రాస్తున్నానంటే నవ్వొస్తోంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

అప్పట్లో మన పిల్లలు విమానాల నిండా కెనడాలో దిగుతున్నారు. ఆ గుంపులో నేనూ ఒకదాన్ని. మిస్సిసాగాలో నలుగురు అమ్మాయిలం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మన తెలుగు పిల్లలకే ఇస్తానని ఓనర్ అంకుల్ తెగ గొప్పలు పోయేవాడు. గోడలు చెమ్మగా ఉన్నాయంటే మా వంటల ఆవిరి అనేవాడు. పైన ఆయనింట్లో రోజూ వంట చేసేవారు, అక్కడ మాత్రం చెమ్మ లేదు.

ఆ వేసవి సెలవుల్లో, జర్మనీలో చదువుతున్న మా పెద్దమ్మ కూతురు దివ్యక్క దగ్గరికి వెళ్లాను. పాసౌ అని నదుల ఒడ్డున ఉన్న పాత ఊరు. ఆ ఊరంతా తనే కట్టించినట్టు చూపించింది. ఇక్కడ నిలబడు, అక్కడ నవ్వు అంటూ ప్రాణం తీసింది. చివరికి డాన్యూబ్ ఒడ్డున టౌన్‌హాల్ గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఏ ఏడాది వరద ఎంత ఎత్తు వచ్చిందో ఆ గోడ మీద గీతలు గీసి సంవత్సరాలు రాశారు. కొన్ని నా తల కంటే చాలా పైన ఉన్నాయి. ఊరు మునగడం కూడా ఒక ఘనకార్యమేనా అనుకుని, ఫోటో కోసం ఆ గోడకే ఆనుకున్నాను.

ఎండ మండిపోతోంది. గోడ పొడిగా, వేడిగా ఉంది. పక్కకు జరిగి చూసుకుంటే నా తెల్ల కుర్తాకు నడుము చుట్టూ బురద రంగు తడి గీత ఉంది. వీపు వైపే కాదు, ముందు వైపు కూడా. మురిగిన నీళ్ల వాసన వేసింది.

"ఎక్కడో అంటించుకుని ఉంటావులే" అంది దివ్యక్క. నేనూ అంతే అనుకున్నాను. కెనడా తిరిగొచ్చాక ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పోలేదు.

బేస్‌మెంట్‌లో మా నలుగురిలో నవ్య వరంగల్ అమ్మాయి. రాత్రంతా వేర్‌హౌస్‌లో పని, పగలు నేల మీద పరుపు వేసుకుని నిద్ర. ఒక మధ్యాహ్నం మిగతా ఇద్దరూ బయటికి వెళ్లారు, నేను కాఫీ షాపులో డ్యూటీలో ఉన్నాను. బయట చినుకులు మొదలయ్యాయి. ఉన్నట్టుండి నా నడుము చుట్టూ చల్లగా తడి తగిలింది. తడిమి చూసుకుంటే యూనిఫాం పొడిగానే ఉంది. కాఫీ వాసనలో కూడా ఆ మురుగు వాసన తెలిసింది. నాకు భయం వేసింది. బయట వాన పెరుగుతూంటే, నవ్య ఎత్తేదాకా ఫోన్ చేస్తూనే ఉన్నాను.

"ఏందక్కా, ఇప్పుడే కన్నంటుకుంది."

"ముందు పరుపు మీంచి లే."

విసుక్కుంటూనే కాలు కింద పెట్టింది. నీళ్లు. అందరి పాస్‌పోర్టులూ తీసుకుని మెట్లెక్కి బయటపడిందో లేదో, వాన ఉధృతమై బయటి నీళ్లు తలుపు నెట్టుకుని లోపలికి వచ్చేశాయి. ఇంకాసేపు నిద్రపోయి ఉంటే నవ్య ఈరోజు ఉండేది కాదు.

నీళ్లు తీసేశాక గోడల మీద చుట్టూ ఒక గీత మిగిలింది. ఆ కుర్తా వేసుకుని గోడ పక్కన నిలబడ్డాను. కుర్తా మీది గీత, గోడ మీది గీత ఒకే ఎత్తులో కలిసిపోయాయి. నవ్య చూసింది.

వర్షం చూసి కంగారుపడ్డావని మా వాళ్లు అంటారు. అనుకోనివ్వండి. మరి మరక సంగతేమిటంటే మాత్రం వాళ్లే మాట మార్చేస్తారు.

మేం ఖాళీ చేశాక అంకుల్ ఆ గోడకు తెల్ల రంగు వేయించి, వచ్చిన కొత్త బ్యాచ్ అమ్మాయిలకు అదే బేస్‌మెంట్ ఇచ్చాడు. సిగ్గులేని మనిషి. నేను వెళ్లి ఆ పిల్లలకు ఇదంతా చెప్పాను. వాళ్లలో ఒకమ్మాయి, అచ్చం ఒకప్పటి నాలాగే, మూతి తిప్పింది.

"మీరు దయ్యాల్ని నమ్ముతారా అక్కా?"

"నమ్మను. నువ్వు మాత్రం నేల మీద పడుకోకు."

"నలుగురికీ కలిపి ఉన్నది ఒక్క మంచం అక్కా. ఎక్కడ పడుకోమంటారు?"

ఆ మరక ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ పిల్లకు మాత్రం నా నంబర్ ఇచ్చి, వాన పడేటప్పుడు నేను ఫోన్ చేస్తే వెంటనే ఎత్తమన్నాను.