ఓబులమ్మక్క ఇంటి అప్పు మాఫీకి పన్ను

2023. మస్కట్‌లోని హమ్రియాలో డబ్బు పంపే ఎక్స్ఛేంజ్‌లో నేను కౌంటర్ మీద కూర్చోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఇంటర్ మధ్యలో మానేసిన నాకు ఆ సీటు దొరికింది నోటి వల్లే. తెలుగు, హిందీ, పని నడిచేంత అరబ్బీ గలగలా మాట్లాడతానని పెట్టుకున్నారు. శుక్రవారం వచ్చిందంటే సైట్ల నుంచి వచ్చే మనవాళ్ళతో లైను వీధిలోకి పాకేది.

డబ్బు పంపే ప్రతి ఒక్కరినీ మేం ‘పర్పస్’ అడగాలి, అంటే ఎందుకు పంపుతున్నారో. అడిగేదీ మేమే, చాలాసార్లు జవాబు రాసేదీ మేమే. ‘కుటుంబ ఖర్చులు’ అని నొక్కేసి తర్వాతి టోకెన్ పిలిచేవాళ్ళం.

ఒక శుక్రవారం ఓబులమ్మక్క వచ్చింది. కడప వైపు మనిషి, ఖురంలో ఒక ఇంట్లో వంటపని. ఊళ్ళో తన ఇంటి లోన్‌కి నెలనెలా పంపేది. మధ్యలో పని పోయి కొన్నాళ్ళు కట్టలేకపోతే, వాళ్ళ బావ బ్యాంకు చుట్టూ తిరిగి ‘సెటిల్‌మెంట్’ చేయించాడు. అంటే ఒక్కసారిగా కొంత కడితే మిగతాది బ్యాంకు వదిలేస్తుంది. ఆ డబ్బు కూడా నా కౌంటర్లోనే పంపి, ఇక సెలవు మీద ఊరెళ్తానని నాకు ఖర్జూరాలు పెట్టి వెళ్ళింది. ఇప్పుడు చూస్తే చేతిలో మళ్ళీ నోట్ల కట్ట.

“ఏంటక్కా, ఇంకా ఊరెళ్ళలేదా?”

“యాడ పోయేది పాపా. బ్యాంకోళ్ళు ఇడిసిపెట్టిన దుడ్డు నాకొచ్చిన ఆదాయమంట. దానికి పన్ను కట్టల్లంట. కట్టకపోతే ఇల్లు పట్టుకుంటారని మా బావ చెప్తాండాడు. ఇంక రెండేండ్లు సెలవడగనని చెప్పి మేడం దగ్గర అడ్వాన్సు తెచ్చినా.” తనే మళ్ళీ నవ్వింది. “ఈ దేశంలో జీతానికే పన్ను లేదు. ఆడ అప్పు మాఫీకి పన్నంట.”

నాకు నవ్వు రాలేదు. “ఎవరి ఖాతాకి పంపాలి?”

“మా బావకే. ఆయనే కడతాడు.”

పన్నుల సంగతి నాకేం తెలీదు. కానీ ఎవరి పన్ను వాళ్ళ పాన్ నంబరు మీద ప్రభుత్వానికే కట్టాలనీ, పన్ను పేరుతో వేరే మనిషి ఖాతాకి పోయే డబ్బుని ఆపి అడగాలనీ మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. అదే చెప్పాను.

“అట్లయితే ఎప్పుడూ రాసేదే రాయి. కుటుంబ ఖర్చులని.”

“రాయనక్కా.”

లైన్లో వెనకనుంచి కరీంనగర్ వైపు అన్న ఒకాయన అందుకున్నాడు. “ఓ చెల్లె, ఇంకెంతసేపు? మా క్యాంపు బస్సు పోతది.”

ఆ గోలకి సూపర్‌వైజర్ సార్ వచ్చి, డబ్బు ఆమెది, ఇష్టం ఆమెది, పంపెయ్ అన్నాడు హిందీలో.

“అబద్ధం నా ఐడీతో పోతుంది సార్. మీ ఐడీతో మీరు పంపండి” అన్నాను.

ఆయన నన్ను చూశాడు, లైనుని చూశాడు, క్యాబిన్‌లోకి వెళ్ళిపోయాడు.

ఓబులమ్మక్కకి కోపమొచ్చింది. “నీకేం పోతాది పాపా? పోయేది నా ఇల్లు.”

“ఒక్కటి చెప్పక్కా. కుటుంబ ఖర్చులన్నావు కదా, ఎవరి ఖర్చు ఇది? నీదా? నీ పిల్లలదా?”

ఆమె చేతిలో కట్ట వైపు చూసింది. “మా బావ ఖర్చు” అంది మెల్లగా.

అక్కడే నిలబడి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. “బావా, పన్ను నా పేరు మీదే కదా. నేనే కడతా. నోటీసు వచ్చింటే పంపు.”

“నీకేం తెల్సని మాట్లాడతాండావు? నేను బ్యాంకు సుట్టూ తిరక్కపోతే నీకు ఇల్లుండేదా?”

“తిరిగినావు, కాదన్లే. తిరిగినందుకు దుడ్డు కావల్లంటే అట్లే అడుగు. సర్కారు పేరు చెప్పాకు.”

అటువైపు బావ గొంతు పెంచాడు. “మస్కట్ పోయినాక నోరు లేసింది నీకు” అన్నాడు.

“నోరు ముందునించీ ఉంది బావా. అప్పు కట్టేటప్పుడు తెరవలా, అంతే.”

లైన్లో నవ్వులు. బస్సు పోతుందన్న అన్నే, “నువ్వు నిమ్మలంగ మాట్లాడక్కా, బస్సు సంగతి మేం జూస్కుంటం” అన్నాడు.

ఆ సాయంత్రం నేనుండే వాడి కబీర్ ఏరియాలో మా కింది ఫ్లాట్ అకౌంటెంట్ గారిని అడిగాను. ఉండే ఇంటి కోసం తీసుకున్న లోన్‌లో బ్యాంకు వదిలేసిన అసలు సొమ్ము మామూలుగా ఆదాయం లెక్కలోకి రాదన్నారు. వ్యాపారం లోన్ సంగతి వేరట. ఏదైనా ఉంటే పన్ను శాఖ ఆమెనే అడుగుతుంది, బావని కాదన్నారు. ఆ మాటే ఓబులమ్మక్కకి వాయిస్ మెసేజ్ పెట్టాను. బావ దగ్గర్నుంచి నోటీసూ రాలేదు, ఫోనూ రాలేదు. ఆమె అడ్వాన్సు మేడం చేతిలో పెట్టేసి, రెండేళ్ళు సెలవడగనన్న మాట వెనక్కి తీసుకుని, విమానమెక్కింది.

నా కౌంటర్ మెల్లగా కదులుతుందని సార్ ఇప్పటికీ సణుగుతాడు. సణగనీ. ‘కుటుంబ ఖర్చులు’ అన్న ప్రతివాళ్ళనీ నేను ఇంకోటి అడుగుతాను, ఎవరి ఖర్చు అని. చాలామంది విసుక్కుని జవాబు చెప్పేస్తారు. ఎవరో ఒకరు చెప్పబోయి ఆగుతారు. వాళ్ళు ఆగినంతసేపు నేనూ ఆగుతాను.