చెల్లని నోట్ల ముడుపు

నా చిన్నప్పుడు నా ఎడమకాలు నా మాట వినేది కాదు. మూడేళ్ల వయసులో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ కాలిలోని బలాన్ని వెంట తీసుకుపోయిందట. చొప్పదండి దగ్గరి మా ఊళ్లో తోటి పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నేను గడప మీద కూచుని వాళ్ల తప్పులు పట్టేదాన్ని. ఆడలేనివాళ్లకు అదొక్కటే ఆట.

నేను నా కాళ్ల మీద కొండగట్టు మెట్లెక్కిన రోజున ముడుపు చెల్లిస్తానని మా నాయనమ్మ అంజన్నకు మొక్కుకుంది. రెండేళ్లు బీడీలు చుట్టి కూడబెట్టిన చిల్లరను దుకాణంలో నోట్లుగా మార్పించింది. పదకొండు నోట్లు. వాటిని పసుపుగుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసింది. అవి నిజాం సర్కారువారి హాలీ నోట్లు. అప్పట్లో మావైపు నడిచే డబ్బు అదే. ఒకసారి కట్టిన ముడుపును దేవుడి ముందు తప్ప ఎక్కడా విప్పకూడదని మా పెద్దల కట్టుబాటు.

తరువాత రాజ్యం మారింది. హాలీ పోయి కల్దార్ వచ్చింది. హిందూస్థాన్ రూపాయిని మావాళ్లు కల్దార్ అనేవారు. పాత నోట్లు గడువులోపల మార్చుకోవాలని ఊళ్లో చాటింపు వేశారు. మా బాపు ముడుపు విప్పి మార్చుకొస్తానని తన తల్లిని ఎంతో బతిమాలాడు.

"సర్కార్ మారితే అంజన్న మారిండా? ముడుపు ఇప్పితే పొల్ల కాలు ఏమైతదో నువ్వు జెప్తవా?" అన్నది నాయనమ్మ.

ఆమె మాటకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. గడువు దాటిపోయింది. ముడుపు దూలానికే వేలాడింది.

మా పక్కింటి చాచా బొంబాయి నుంచి బయలుదేరే ఓడల్లో చాలాకాలం వంటచేసి, మోకాళ్లు పట్టేశాక ఊరికి తిరిగి వచ్చినవాడు. ఆయన దగ్గర ఒక రేకుపెట్టె ఉండేది. అందులో మందపాటి గుడ్డకు చిన్న చిన్న జేబులు కుట్టి, ఒక్కో జేబులో ఒక్కో ఫిలిప్పీన్ దేశపు నాణెం దాచుకున్నాడు. నోట్లను పాత క్యాలెండర్ కాగితాల మధ్య పరిచేవాడు. పరుగెత్తలేని నాకు ఆ పెట్టే లోకమైంది. స్పెయిన్ రాజు తల ఉన్న అరిగిపోయిన బిళ్ళలు, యుద్ధంలో ఆ దేశాన్ని పట్టుకున్న జపానువాళ్లు అచ్చువేసిన అరటిచెట్ల నోట్లు, వాళ్ల మీద అడవుల్లో దాక్కుని పోరాడినవాళ్లు బడిపిల్లల కాగితం మీద అచ్చువేసుకున్న నోట్లు ఒక్కొక్కటే నా ఒళ్లో పెట్టి చూపించేవాడు.

వాటన్నిటిలో నాకు ఇష్టమైనవి పెద్ద వెండి బిళ్ళలు. వాటి మీద ఒక ఆడమనిషి సుత్తె పట్టుకుని కమ్మరి దాగలి పక్కన నిలబడి ఉంటుంది. వెనుక ఒక కొండ పొగ కక్కుతుంటుంది. అలాంటివి ఆరు ఉండేవి. ఒకరోజు వాటిని మెరిపిద్దామని ఇంట్లోంచి చింతపండు పట్టుకుపోయాను. ఇత్తడి గిన్నె ఎదురుగా కనబడితే చింతపండు పెట్టి తోమే ఇంట్లో పుట్టినదాన్ని మరి. చాచా గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"తోమకు బేటీ. మెరుపు ఎప్పుడన్న తెచ్చుకోవచ్చు. ఎన్ని చేతులు పట్టినయో, గా నలుపు పోతే మళ్ల రాదు."

నాణేలను ఎలా దాచాలో నేర్పాడు గాని, ఆ వెండి తన చేతికి ఎలా వచ్చిందని అడిగితే మాత్రం మాట మార్చేసేవాడు.

నాకు పదో ఏడు వచ్చేసరికి కాలు కొంచెం మాట వినసాగింది. కర్ర లేకుండా బావిదాకా పోయి వచ్చాను. ఇంక కొండగట్టు ప్రయాణమే అని నాయనమ్మ సంబరపడుతుండగా, ఊళ్లోని ఒక పెద్దామె వచ్చి కూచుని, చెల్లని పైసలు ఇస్తే దేవుడికి మాత్రం ఎట్లా చెల్లుతాయని అడిగిపోయింది. అన్నాళ్లూ ఎవరి మాటా లెక్కచేయని నాయనమ్మకు ఆ ఒక్క మాట ముల్లులా దిగింది. దేవుడికి ఉత్త కాగితాలు ఇవ్వబోతున్నానని ఆమెకు భయం పట్టుకుంది. అదే వారంలో నా కాలు మళ్లీ లాగడం మొదలైంది. ఆమె అన్నం మానేసింది. బాపు కల్దార్ రూపాయలు తెచ్చి ముందుపెడితే, నా చేతి కష్టంతో మొక్కినదాన్ని నీ కష్టంతో ఎట్లా తీరుస్తానంటూ తోసేసింది. రాత్రి నా కాలిని ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తూ ఏడ్చేది. నా కాలి వల్లే ఇదంతా అని నాకు ఆ కాలి మీద అసహ్యం వేసింది.

సంగతి చాచాకు తెలిసింది. ఒక పొద్దున వచ్చి మా అరుగు మీద కూచుని, హాలీ నోట్లు తనకు ఇమ్మని, బదులుగా వెండి ఇస్తానని అన్నాడు. నాయనమ్మ అనుమానంగా చూసింది.

"నువ్వు ఏంజేస్కుంటవ్ తమ్మీ?"

"నా పెట్టెల ఉన్నయన్ని చెల్లనియే కద అక్కా. పాత నోట్లకు ఓడ దొరలు మస్తు పైసలిస్తరు. నాకే లాభం."

బేరంలో ఎదుటివాడికే లాభం అన్నాక నాయనమ్మ మనసు కుదుటపడింది. కాకపోతే ముడుపు అంజన్న ముందే విప్పాలని, చాచా కూడా రావాలని షరతు పెట్టింది. పట్టేసిన మోకాళ్లతో ఆయన సరేనన్నాడు.

కచ్చరం బండికి ఎడ్లను కట్టుకుని ముగ్గురం బయలుదేరాం. గుట్ట కిందికి చేరేసరికి ఎండ ముదిరింది. లాగుతున్న కాలితోనే నేను ఒక్కో మెట్టూ ఎక్కి, రెండు కాళ్లూ దాని మీద పెట్టి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కాను. నా వెనక చాచా మోకాళ్ల మీద చేతులు వేసుకుంటూ ఎక్కాడు. ఇద్దరిలో ఎవరం ముందు ఆగిపోతామో అని నాయనమ్మ రెండువైపులా చూస్తూ ఎక్కింది. ఎవరమూ ఆగిపోలేదు.

ధ్వజస్తంభం దగ్గర నాయనమ్మ పసుపుగుడ్డ ముడి విప్పింది. పదకొండు నోట్లు చాచా చేతిలో పెట్టింది. చాచా ఆమె కొంగులో ఆరు వెండి బిళ్ళలు పోశాడు. ఆరింటినీ ఇస్తాడని నేను అనుకోలేదు. నాయనమ్మ ఒక బిళ్ళను తిప్పి చూసి, ఈ ఆడమనిషి నాలాగే పనిచేసుకుని బతికేదే అని తృప్తిగా తలూపింది. నమాజు చేసే మనిషి కాబట్టి చాచా బయటే నిలబడ్డాడు. మేం లోపలికి పోయి వెండిని హుండీలో వేశాం.

కిందికి దిగి చాయ్ దుకాణం ముందు కూచున్నాం. చాచా హాలీ నోట్ల ముడతలు వేళ్లతో సాపు చేస్తున్నాడు. పక్కన చాయ్ తాగుతున్న మనిషి అది చూసి నవ్వాడు.

"గవి ఏంజేస్కుంటవ్ ముసలాయనా? బీడీ ముట్టిచ్చుకోనీకి గూడ పనికిరావు. ఎవ్వడు కొంటడు?"

నాయనమ్మ చాచా వైపు తిరిగింది. ఓడ దొరలు కొంటారని చెప్పింది నిజమేనా అని అడిగింది. ఆయన తలవంచుకున్నాడు. అంతే, ఆమెకు అర్థమైపోయింది.

"అంటే నేను బిచ్చపు వెండి దేవుని ముందట పెట్టిన్నా? పొల్ల కాలు కోసరం మొక్కుకున్న మొక్కును గిట్ల జేసినవా?"

అంత కోపంలో నేను ఆమెను ఎన్నడూ చూడలేదు. చాచా ఎవరి ముఖమూ చూడకుండా ఆ వెండి తన చేతికి వచ్చిన కథ చెప్పాడు.

పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో ఆయన ఓడ ఫిలిప్పీన్ దేశంలోని మనీలా రేవుకు చేరిందట. ఊరంతా కాలిపోయి మొండి గోడలు మిగిలాయి. ఆకలితో జనం రేవులోకి వచ్చేవారు. ఓడ వంటింట్లో బియ్యం బస్తాలున్నాయి. ఈయన దోసెడు బియ్యానికి ఒక వెండి బిళ్ళ తీసుకునేవాడు. యుద్ధకాలమంతా భూమిలో పాతి దాచుకున్న వెండిని తవ్వి తెచ్చి వాళ్లు ఈయన చేతిలో పెట్టారు. చివరి రోజున ఒక ముసలామె గుడ్డమూట విప్పి నోట్లు చాచింది. అరటిచెట్ల నోట్లు. జపానువాళ్లు వెళ్లిపోయారు, వాళ్ల నోట్లు చెల్లకుండా పోయాయి. ఈయన ఆమె చేతిని పక్కకు నెట్టేశాడు. ఆమెకు ఈయన మాట తెలియదు గాని, నెట్టిన చెయ్యి తెలుస్తుంది కదా. నోట్లు చెదిరి కింద పడ్డాయి. ఆమె వాటిని ఏరుకోకుండానే వెళ్లిపోయింది. ఏరి తెచ్చుకున్నది ఈయనే.

"గామె అన్నం తిన్నదో లేదో నాకు తెల్వదు అక్కా. నేను పెట్టలే. మళ్ల నువ్వు చెల్లని నోట్ల మూట పట్టుకోని ఏడుస్తున్నవని ఇన్న. గీసారన్న కాదనొద్దు అనుకున్న. నీకు బిచ్చమెయ్యలే. నువ్వే నాకు ఇచ్చినవ్."

నాయనమ్మ ఆ నోట్ల వంక చూసింది. తరువాత సద్దిమూట దగ్గరికి జరుపుకుని విప్పింది. ఇంట్లో రోజూ జొన్నగట్కే అయినా, గుట్టకు పోతున్నామని ఆ రోజు వరి అన్నం వండి తెచ్చింది. నాకు కూడా పెట్టకముందే ముద్ద చేసి చాచా అరచేతిలో పెట్టింది.

"తిను తమ్మీ. నా మొక్కు తీరింది. ఇగ ఫికర్ జెయ్యకు."

ఆయన ఆ ముద్దను వెంటనే నోట్లో పెట్టుకోలేకపోయాడు. గడ్డం తడిసిపోయింది. పెద్ద మగమనిషి అలా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు భయం వేయలేదు, పోయి ఆయనకు ఆనుకుని కూచున్నాను. ఆయన తిన్నాడు. ముగ్గురం తిన్నాం.

నా కాలు పూర్తిగా ఎన్నడూ బాగుపడలేదు. ఇప్పటికీ కుంటుతాను. అందుకు నాయనమ్మ దేవుణ్ణి తప్పుపట్టలేదు, ఆ వెండినీ తప్పుపట్టలేదు. మొక్కు మొక్కినట్టే తీరిందని పోయేదాకా నమ్మింది. నేనూ నమ్మాను.

నాకు డెబ్బై అయిదు దాటాయి. చొప్పదండిలో చిన్న కిరాణా దుకాణం నడుపుతూ బతుకు వెళ్లదీశాను. చిరిగినవి, సగం మాసిపోయినవి, ఎవరూ తీసుకోని నోట్లు నా గల్లాలో చేరతాయని మా కొడుకు ఇప్పటికీ కోప్పడతాడు. నోటు చూసి సరుకివ్వాలమ్మా అంటాడు. వాడు చెప్పేది వ్యాపారం, కాదనను. కానీ ఎవరైనా ముసలామె కొంగుముడి విప్పుతూ నా దుకాణం ముందు నిలబడితే, నేను ముందు బియ్యం కొలిచి ఆమె సంచిలో పోస్తాను. నోటు తరువాత చూస్తాను.