టోపీ ఆయప్పను దాటించిన అత్త

మొన్న మంగళవారం పొద్దున బావ తాడిపత్రి నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది పాపా" అన్నాడు.  అతను పనిచేసే చోట బండలు కోసే యంత్రాల రొద కాసేపు వినిపించి ఫోన్ ఆగిపోయింది. ఉరవకొండలో వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చినా అత్త బిందెతో బయటికి రాలేదట. పక్కింటామె లోపలికి వెళ్లి చూస్తే, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉందట.

మా అమ్మకు అన్న అయిన మా మామ భార్య ఆమె. ఉరవకొండ బస్టాండు వెనక సందులో వీడియో గేముల గది నడిపింది. అక్కడికి వచ్చే పిల్లలందరూ ఆమెను అత్తా అనే పిలిచేవారు. నాకు మాత్రం నిజంగా అత్త. ఇంటర్ చదివిన రెండేళ్లూ ఆమె చేతి కూడు తిని, ఆమె పక్కన చాప మీద పడుకుని పెరిగాను.

ఆ గది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పాలి. మామ వేరుశనగ రైతు. తొంభైల చివర వానలు వరసగా మొహం చాటేశాయి. విత్తిన కాయలు కూడా తిరిగి ఇంటికి రాలేదు. అలాంటప్పుడు తోటి రైతులు కొందరు, పెనుకొండ వైపు ఒక పాత మండపం కింద నిధి ఉందని చెప్పి మామను వెంటబెట్టుకుపోయారు. లోతుగా తవ్విన గుంతలోకి మామ దిగాడు. పక్కనున్న మన్ను విరిగి మీద పడింది. పైనున్నవాళ్లు పారిపోయారు. మర్నాడు గొర్రెల కాపరులు చూసి చెబితే మాకు తెలిసింది. చచ్చిపోయిన మనిషి మీద నిధుల దొంగ అని కేసు పడింది. అత్త బోరింగు దగ్గరికి వెళితే ఆడవాళ్లు ఊరుకునేవారు కాదు. "దొరికిందంట కదమ్మే, యాడ పెట్టినావు?" అని అడిగేవారు. ఆమె ఒకరోజు బిందె అక్కడే వదిలేసి వచ్చింది. ఆ నెలలోనే కొడుకును తీసుకుని ఉరవకొండ చేరింది.

బళ్లారిలో ఉన్న ఆమె తమ్ముడు తన అంగడిలోని రెండు పాత టీవీలు, గేము పెట్టెలు, ఒక సంచి నిండా క్యాసెట్లు ఇచ్చిపోయాడు. పిల్లలందరికీ ఆ క్యాసెట్లలో ఒకటే కావాలి. అందులో టోపీ పెట్టుకున్న ఒక మనిషి భుజాన సంచి వేసుకుని గుహల్లో కుడివైపుకు పోతూనే ఉంటాడు. పాముల మీద నుంచి ఎగురుతాడు, తాళ్లు పట్టుకుని ఊగుతాడు, బంగారు కుండలు ఏరుకుంటాడు. నిధి వెతకడమే అతని పని.

గది తెరిచిన రోజే ఆ టోపీ మనిషి గుంతలో పడ్డాడు. సన్నగా కూత లాంటి శబ్దం వచ్చి తెర నల్లబడింది. పిల్లలు నవ్వారు. అత్త లేచి లోపలికి పోయింది. నేను వెళ్లి చూస్తే వెలిగించని పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"ఆ క్యాసెట్టు తీసి పెట్టేద్దామా అత్తా?" అన్నాను.

"దాని కోసమే కదా పిల్లోళ్లు వచ్చేది. తీసేస్తే మనం ఏం తినల్ల?" అంది.

ఆ మనిషితోనే రోజంతా గడపాలి కాబట్టి గడిపింది. రోజూ పొద్దున్నే గది చిమ్మి నీళ్లు చల్లేది. క్యాసెట్టు మూతిని పైట చెంగుతో తుడిచి, పసిబిడ్డ కంట్లో నలుసు ఊదినట్టు ఊది పెట్టేది. ఆట మధ్యలో కరెంటు పోతే ఎవరినీ పొమ్మనేది కాదు. "కూసోండప్పా, వస్తాది" అని ఇన్ని వేయించిన కాయలు చేతిలో పోసేది.

మధ్యాహ్నం గది ఖాళీగా ఉన్నప్పుడు తనే రిమోటు పట్టుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో వేళ్లు కుదరలేదు. కొన్నాళ్లకు ఒక్క గుంతలోనూ పడకుండా చివరి దాకా పోగలిగింది. అయితే ఒక్క కుండ కూడా తీసుకునేది కాదు. "పైనే ఉంది కదత్తా, ఎగిరితే వస్తుంది" అని నేను చూపిస్తే, "దాంతో మనకేం పని పాపా. ఆయప్పను అవతలికి దాటిస్తే చాలు" అనేది.

నా రెండో ఏడాది వేసవిలో, ఆ రోజు మామను వదిలి పారిపోయినవాళ్లలో ఒకతను వచ్చాడు. బావ అప్పుడు పని లేక ఇంట్లోనే ఉన్నాడు. అతను పనిచేస్తున్న బండల ఫ్యాక్టరీ మూతపడింది.

"ఒదినా, ఇంగో చోటు చూసినాం. ఈసారి లోతు లేదు. పిల్లోడు తోడొస్తే చాలు" అన్నాడతను.

అత్త టీవీ ఆపింది. "ఆ పొద్దు మన్ను పడినప్పుడు నువ్వు పైన ఉంటివి కదప్పా. ఆయప్ప అరిసినాడా?"

"ఇప్పుడెందుకొదినా ఆ మాట."

"అరిసినాడా, లేదా?"

అతను నేల చూపులు చూశాడు. "అరిసినాడు. శానాసేపు."

"ఏమని?"

"నా పేరు పెట్టి పిలిచినాడు. ఎవరన్నా వస్తారని బయమైంది ఒదినా."

అత్త ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది. "తాగి పో. మళ్ల ఈ దిక్కు రావద్దు" అంది. అతను నీళ్లు ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు. బావ అంతా వింటూ అక్కడే కూర్చున్నాడు. వాళ్లతో వెళ్తానని అప్పటికే మాట ఇచ్చేశాడని మాకు ఆ తర్వాత తెలిసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు తాడిపత్రి వెళ్లి, మరో ఫ్యాక్టరీలో పనికి కుదురుకున్నాడు. ఇప్పుడు బండల దుమ్ముకు దగ్గుతో బాధపడుతున్నాడు కానీ, బతికి ఉన్నాడు.

ఆ రోజు నుంచి అత్త ఆ ఆట పెట్టినప్పుడల్లా టీవీ సౌండు పూర్తిగా తగ్గించేసేది. పిల్లలు గొడవ చేస్తే "చెడిపోయిందప్పా, అట్లే ఆడుకోండి" అనేది. టోపీ మనిషి గుంతల్లో చప్పుడు లేకుండా పడుతుండేవాడు.

నర్సు ట్రైనింగుకు నేను అనంతపురం బయల్దేరినప్పుడు బస్సు దాకా వచ్చింది. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "యాడన్నా దిగాల్సొస్తే, పైన ఎవరుండారో చూసుకోని దిగు" అంది. పెళ్లి మాటలప్పుడూ ఉద్యోగం మారేటప్పుడూ ఆ మాట చాలాసార్లు నన్ను ఆపింది, కొన్నిసార్లు ముందుకూ పంపింది.

తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి, సెల్ ఫోన్లు వచ్చాయి. గదికి పిల్లలు రావడం మానేశారు. అక్కడి ఫ్లోరైడు నీళ్లకు ఆమె మోకాళ్లు వంకరపోయాయి. తాడిపత్రికి రమ్మని బావ ఎంత పిలిచినా, "ఆ దుమ్ములో నేనేం చేసేది. నువ్వే వచ్చేయ్" అనేది. ఇద్దరిలో ఎవరూ కదల్లేకపోయారు.

మామ పక్కనే ఆమెను పూడ్చాం. మర్నాడు బావా నేనూ రైలు కోసం గుంతకల్లు బస్సు ఎక్కాం. అంతకుముందు రోజు సాయంత్రం ఈ ఏటి మొదటి వాన పడింది. తొలి వానకు చేలల్లో వజ్రాలు బయటపడతాయని జనం వెతుక్కునే వజ్రకరూరు రాగానే కండక్టరు కేక వేయకముందే సగం బస్సు లేచింది. చంకలో పిల్లను పెట్టుకున్న ఒక అవ్వ బావను చూసి, "నువ్వు దిగవా నాయనా? వాన పడినాక రాళ్లు బాగా మెరుస్తాయి" అంది.

"లేదవ్వా, మేము ముందుకు పోతాం" అన్నాడు బావ.

అవ్వ దిగి చేను గట్టు దాటింది. తడిసిన ఎర్ర నేల మీద, కనుచూపు మేర, తలమీద తువ్వాళ్లు కప్పుకున్న జనం వంగి మన్నులో వెతుకుతున్నారు. అవ్వ కూడా పిల్లను కింద కూర్చోబెట్టి వంగింది. డ్రైవరు గట్టిగా హారన్ కొట్టి బస్సు కదిలించాడు. వాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు.