సాల్మన్ మాస్టారు, పన్నెండు మైకుల మిక్సరు

సాల్మన్ మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. కరెంటుతో నడిచే వస్తువు ఏది కంటబడినా దాన్ని అప్‌డేట్ చెయ్యకుండా ఉండలేరు. ఎదురుపడితే అందరూ "బాగున్నారా?" అంటారు. ఆయన మాత్రం మన చేతిలో ఫోను కేసి చూసి "ఇది ఏ వెర్షనండీ?" అంటారు. మన బాగోగులు ఆ తర్వాత, గుర్తుంటే.

రాజోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పి ఆరేళ్ళ కిందట రిటైరయ్యారు. అప్పట్నుంచీ ల్యాప్‌టాప్ సంచి భుజాన తగిలించుకుని, టీవీఎస్ బండి మీద ఊరంతా తిరుగుతూ దొరికినదాన్నల్లా అప్‌డేట్ చేస్తున్నారు. ఆ బండి చప్పుడు వినబడితే చాలు, అరుగుల మీద జనం ఫోన్లు జేబుల్లోకి తోసేసుకుంటారు. ఒకసారి రాజోలు బస్సులో కండక్టరు గారి టికెట్ల మిషను పట్టుకుని వదలకపోతే, "మాస్టారూ, టికెట్టు తీసుకుంటారా, దిగిపోతారా?" అని అడగాల్సి వచ్చింది. ఇంకోసారి డాక్టరు గారు బీపీ చూస్తుంటే ఇదే గొడవ.

"మిషను వెర్షను పాతదిలా ఉందండీ."

"మిషను సంగతలా ఉంచండి మాస్టారూ. మీ బీపీ నూట అరవై ఉంది."

"అదే చెబుతున్నానండీ. వెర్షను మారిస్తే నూట ముప్పై చూపిస్తుంది."

ఇంట్లో కూడా అంతే. ఒకరోజు భోజనాల దగ్గర పరధ్యానంగా, "ఈ పనసపొట్టు కూర ఏ వెర్షను?" అని అడిగారట. వాళ్ళావిడ రూతు గారు తడుముకోకుండా "నిన్నటిది" అన్నారట.

ఇక నా సంగతి. నా పేరు సూరిబాబు. శ్రీ సత్యదుర్గ సౌండ్స్ మాదే. సత్యదుర్గ అంటే ఏ గుళ్ళో అమ్మవారో అనుకునేరు, మా ఆవిడ. పెళ్ళయినా, తీర్థమైనా, క్రిస్మస్ అయినా ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల మైకు సెట్టు నాదే. కిందటేడు కొత్త డిజిటల్ మిక్సరు కూడా కొన్నాను. మైకులన్నీ దానికే తగిలిస్తాం, దేని గొంతు ఎంత ఉండాలో అదే తేలుస్తుంది. దాన్ని చంటిపిల్లలా చూసుకునేవాణ్ణి.

ఇప్పుడు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్ళు స్పీకర్ల పక్కన నిలబడ్డానేమో, సన్నటి శబ్దాలు నా చెవులకి అందడం మానేశాయి. ఎడమ చెవి మరీనూ. మైకు కీచుమని కూత పెడితే ఊరంతా వినబడుతుంది, నాకు తప్ప. జనం మొహాలు చూసి కూసిందని తెలుసుకోవాలి. మైకు సెట్టువాడికి చెవి పోయిందని తెలిస్తే ఎవడు పిలుస్తాడు? మా ఆవిడక్కూడా చెప్పలేదు.

కానీ మైకు దాచిపెట్టదు కదా. క్రిస్మస్ నాటకంలో దేవదూత నోరు తెరవగానే కూసింది. గొర్రెల కాపరులు కర్రలు పారేసి చెవులు మూసుకున్నారు. పాపం, దేవదూతని చూసి భయపడ్డారు, బాగా నటిస్తున్నారనుకున్నాను నేను. ఈస్టరుకి మళ్ళీ కూసింది. పాస్టరు గారు చాలా మర్యాదస్తులు. నన్ను పక్కకి పిలిచి, "సూరిబాబు గారూ, కోతపండక్కి కూడా ఇలాగే అయితే మటుకు వేరే సెట్టు చూసుకోవాల్సి వస్తుందండీ. ఏమనుకోకండేం" అన్నారు.

ఆ కోతపండుగ నవంబరులో ఒక శనివారం వచ్చింది. తెల్లారి లేచేసరికి చర్చి ఆవరణలో పందిరి కింద కొబ్బరి గెలలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన నాటుకోళ్ళు వరసగా ఉన్నాయి. ఎవరి తొలిపంట వాళ్ళు తెచ్చి పెడతారు. సాయంత్రం నాలుగింటికి ప్రార్థన, పాటలు, ఆ తర్వాత వేలంపాట. మిక్సరు బల్ల మీద పెట్టి, వెనకవైపు స్పీకర్లు కట్టడానికి వెళ్ళాను. గంటలో తిరిగొచ్చేసరికి బల్ల ముందు సాల్మన్ మాస్టారు నిలబడి ఉన్నారు. సంచి తెరిచి ఉంది. ల్యాప్‌టాప్ నించి నా మిక్సరులోకి ఒక వైరు వెళ్ళి ఉంది.

చేతిలో వైరు అక్కడే పడేసి పరిగెత్తాను.

"మాస్టారూ, ఏం చేస్తున్నారండీ?"

"ఏం లేదండీ. చిన్న అప్‌డేటు. అయిపోయింది."

"అయిపోయిందంటే?"

మాస్టారు కాసేపు మిక్సరు కేసి చూశారు. "అయిపోయిందనే అనిపిస్తుందండీ" అన్నారు.

మిక్సరు తెర నల్లగా ఉంది. బటన్లు నొక్కాను, మీటలు జరిపాను, ఆపి మళ్ళీ వేశాను. ఊపిరి లేదు. ఒక మూలన చిన్న పచ్చదీపం మాత్రం ఆగి ఆగి వెలుగుతోంది. టైము పదకొండు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చినంత పనైంది, కోపమూ వచ్చింది.

"మిమ్మల్ని ఎవరు ముట్టుకోమన్నారండీ? సాయంత్రం నేనెక్కడ పెట్టుకోవాలి మొహం?"

"కంగారు పడకండి సూరిబాబు గారూ. అది చావలేదు. ఆ దీపం చూసేరా? నాకు సరైన ఫర్మ్‌వేర్ ఇవ్వండని అడుగుతుంది. నేను దీని అన్నగారి ఫైలు ఎక్కించేసేను."

ఫర్మ్‌వేరంటే ఆ పెట్టెని నడిపించే లోపలి ప్రోగ్రామట. ఇదే కంపెనీలో పదహారు మైకుల మిక్సరు ఒకటుంది. దాని ఫైలు నా పన్నెండు మైకుల దానికి వేసేశారు.

"నంబరు చూసుకోవద్దా అండీ? వెనకాల ఇంత లావు అక్షరాలతో రాసి ఉంటుంది కదా!"

మాస్టారు మిక్సరుని మెల్లగా వెనక్కి తిప్పారు. నంబరు ఉండాల్సిన చోట, మొన్న దసరాకి మా ఆవిడ ఆయుధపూజలో పెట్టిన మూడు పసుపు బొట్లు, వాటి మీద కుంకం, దళసరిగా ఎండి ఉన్నాయి.

"పూజ చేసిన బొట్టు. నా అంతట నేను గీకెయ్యడం బాగోదు కదండీ" అన్నారు మాస్టారు, తప్పు చేసిన పిల్లాడిలా. "అందుకని మీటలు లెక్కెట్టేను. పదహారున్నాయి."

ఆ పదహారులో పన్నెండు మైకులకి, నాలుగు స్పీకర్లకి. బొట్టు చెరపకూడదనే మర్యాద నా మిక్సరు ప్రాణం మీదకి తెచ్చింది. ఇక తిట్టడానికి నోరు రాలేదు. సత్యదుర్గకి ఫోను చేశాను. అయిదు నిమిషాల్లో తడిగుడ్డతో వచ్చింది. సంగతి విని ముందు మాస్టారికి దణ్ణం పెట్టింది, తర్వాత ఒక్క తుడుపు తుడిచింది.

"అమ్మవారు ఏవనుకోదండీ మాస్టారూ. కానివ్వండి."

నంబరు బయటపడింది. మాస్టారు కళ్ళు మెరిశాయి. ఇక చూడాలి ఆయన హుషారు! అరవై ఆరేళ్ళ మనిషి, బల్లకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య పాతికేళ్ళ కుర్రాడిలా తిరిగారు. జనం పెరిగేసరికి చర్చి దగ్గర సిగ్నలు అందడం మానేసింది. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, నన్ను బండి వెనకాల ఎక్కించుకుని ఏటిగట్టు మీదకి తోలారు. అక్కడ సిగ్నలు దొరికింది. సరైన ఫైలు దిగింది. కంపెనీ వాళ్ళు రాసినది గట్టిగా చదివారు. ఫైలు పెన్‌డ్రైవులో వేసి, రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుని స్విచ్చి వెయ్యాలట.

"అంతేనా అండీ!" అని ఎగిరి గంతేశాను.

"అంతే. కాపోతే పెన్‌డ్రైవు ఎనిమిది జీబీ దాటకూడదు. పెద్దవి తీసుకోదట."

ఊళ్ళో పడ్డాం. ఎవరినడిగినా ముప్పై రెండు, అరవై నాలుగు. "చిన్నది పాతబడిపోయిందని మీరే కదండీ మార్పించేరు!" అన్నారు ప్రతి ఇంటి దగ్గరా. మాస్టారు తలొంచుకుని ఇంటింటికీ ఆ మాట పడ్డారు. ఒంటిగంటన్నర అయింది. చివరికి రూతు గారు చెప్పారు. "జ్ఞానమ్మ గారిని అడగండి. ఊరు మొత్తంలో ఈయన మాట విననిది ఆవిడొక్కతే."

జ్ఞానమ్మ గారు మా ఊరి చర్చి పాటల బృందానికి పెద్ద. డెబ్భై ఆరేళ్ళు. పాటలన్నీ ఎక్కించిన నాలుగు జీబీ పెన్‌డ్రైవు ఆవిడ తాళంగుత్తికి, తాళంగుత్తి ఆవిడ బొడ్డుకి వేలాడుతుంటాయి. మాస్టారిని చూడగానే చెయ్యి తాళాల మీద వేసుకున్నారు.

"ఇవ్వను. మొన్న అడక్కుండా నా ఫోను తీసుకెళ్ళేరు. అప్పట్నించీ అక్షరాలు గుమ్మడికాయలంత కనబడతన్నాయి. ఇంక దీన్నేం చేస్తారో!"

"ఏం చెయ్యనండీ. మీ పాటలు ల్యాప్‌టాప్‌లో భద్రంగా దాచి, మళ్ళీ ఇందులోనే పెట్టేస్తాను."

"అప్‌డేటు చెయ్యకూడదు."

"చెయ్యనండీ."

"ప్రమాణం?"

"సంఘం ముందు చెబుతున్నానండీ" అన్నారు మాస్టారు. సంఘమంటే అప్పటికి నేనూ, గుమ్మంలో పడుకున్న పిల్లీ.

రెండున్నరకి చర్చి దగ్గరకొచ్చాం. సగంలో కరెంటు పోతే ఇక కొత్తది కొనుక్కోవడమే. అందుకని నా జనరేటరు వేశాను. మాస్టారు పెన్‌డ్రైవు గుచ్చి రెండు బటన్లు నొక్కి పట్టుకున్నారు. నేను స్విచ్చి వేశాను. తెర మీద సన్నటి గీత ఒకటి పుట్టి పాకడం మొదలెట్టింది! పది శాతం. పాతిక. సత్యదుర్గ, రూతు గారు, పాస్టరు గారు, కోళ్ళు తెచ్చినవాళ్ళు, అందరూ బల్ల చుట్టూ మూగారు. అరవై. ఎనభై మూడు దగ్గర గీత ఆగిపోయింది. జనరేటరు దగ్గింది.

"మాస్టారూ, కదపమంటారా అండీ?"

"ముట్టుకోకండి!" హైస్కూల్లో అరిచినట్టు అరిచారు. మేమంతా చేతులు కట్టేసుకున్నాం, పాస్టరు గారితో సహా.

గీత కదిలింది. తొంభై. తొంభై ఎనిమిది. తెర ఒక్కసారి ఆరిపోయి, తెల్లగా వెలిగి, మైకుల వరస మొత్తం పన్నెండూ రంగురంగులుగా విచ్చుకుంది. "వచ్చేసిందండోయ్!" అని నేను అరిచిన అరుపు మైకు లేకుండానే పక్క వీధికి వినబడిందట. మాస్టారు నన్ను కావలించుకున్నారు. జ్ఞానమ్మ గారు చెయ్యి చాచి, "నా పెన్‌డ్రైవు" అన్నారు.

నాలుగింటికి ప్రార్థన అయింది. జ్ఞానమ్మ గారు వైరు లేని మైకు పట్టుకుని పాట ఎత్తుకున్నారు. పాడుతూ నడవడం ఆవిడ అలవాటు. నడిచి నడిచి సరిగ్గా స్పీకరు ముందుకెళ్ళి నిలబడ్డారు. మైకు స్పీకరు ముందుకెళితే కూయకుండా ఉండదు. జనం మొహాల కేసి చూశాను. ఎవరూ చెవులు మూసుకోలేదు. కోళ్ళు కూడా కదల్లేదు.

మిక్సరు కేసి చూశాను. తెర మీద ఆవిడ మైకు వరసలో ఇంతకుముందు ఎప్పుడూ లేని ఎర్రదీపం ఒకటి, రూపాయి బిళ్ళంత, ధగధగా వెలుగుతోంది. కూత పైకి వచ్చేలోపే మిక్సరు తనంతట తానే దాన్ని కోసేస్తోంది.

కొత్త వెర్షనులో వచ్చింది అదీ. చెవికి అందని కూతని కంటికి చూపిస్తోంది. ఒక్కసారిగా అన్నీ బుర్రలోకొచ్చాయి. జ్ఞానమ్మ గారి ఫోనులో గుమ్మడికాయలంత అక్షరాలు. కళ్ళు కనబడ్డం లేదని ఆవిడ ఏనాడైనా ఎవరికైనా చెప్పుకుందా? ఊళ్ళో ఆయన అప్‌డేట్ చేసిన ముసలివాళ్ళ ఫోను ప్రతీదీ ఆ మర్నాటినించి ఇంకాస్త గట్టిగా మోగేది. అందరం ఆయన్ని తిట్టుకున్నాం. ఇవన్నీ కలిపి ఎవరమూ లెక్క కట్టలేదు. నా మనసు నిండిపోయింది.

మాస్టారి పక్కకెళ్ళి నిలబడ్డాను.

"మాస్టారూ, మీకు ఎప్పుడు తెలిసిందండీ?"

"ఏంటండీ?"

"నా చెవి సంగతి. దేవదూతప్పుడా, ఈస్టరుకా?"

"మీ చెవికేమైందండీ? నాకేం తెలీదే!" ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు. "మిక్సరు వెర్షను పాతదండీ. అంతే."

వేలంపాట మొదలైంది. పాస్టరు గారు మైకులో మొదటి గుమ్మడికాయ పాట పాడుతూ, మధ్యలో నా కేసి చూసి, బ్రహ్మాండం అన్నట్టు చెయ్యి ఊపారు. మాస్టారు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ, ఎటో చూస్తూ అన్నారు.

"బుధవారం అమలాపురం వెళ్తన్నానండీ. చెవుల డాక్టరు గారొకాయన తెలుసు నాకు. చెవిలో పెట్టుకునేవి కొత్త రకం వచ్చేయట, ఇంతే ఉంటాయట, పైకి కనబడవట. ఊరికే ఏ వెర్షనో చూసొద్దామని. తోడొస్తారా?"

"ఆయ్, వస్తానండీ" అన్నాను. "కాపోతే ఒక్క మాటండీ. నాకు ఏదైనా ఎక్కించే ముందు..."

"చెప్పండి."

"మీటలు లెక్కెట్టకండి. మా ఆవిణ్ణి పిలిచి నంబరు అడగండి."