మంచిగొచ్చిన్నా అన్నా?

ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసేది. ఆదివారాలు మా ఫొటోగ్రఫీ గ్రూపుకి మోడల్‌గా వచ్చేది. క్లిక్‌మన్న ప్రతిసారీ "మంచిగొచ్చిన్నా అన్నా?" అని అడిగేది.

"కెమెరా దిక్కు సూడకు" అనేవాణ్ణి నేను. మా గ్రూపులో చూపు పక్కకుంటేనే మెచ్చుకునేవారు. నేరుగా చూస్తే పాస్‌పోర్టు ఫొటో అని ఎగతాళి చేసేవారు.

నిరుడు వానాకాలం జ్వరమొచ్చి చనిపోయింది. దినాలకు ముందు వాళ్ల నాన్న హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌లోని మా ఇంటికి వచ్చాడు, గోడకు పెట్టుకోవడానికి ఫొటో కావాలని. గ్రూపు మెచ్చినవన్నీ లాప్‌టాప్‌లో చూపించాను. ఆయన ఓపిగ్గా చూశాడు.

"మంచిగున్నయి సారూ. గని గీ ఫొటోల్ల నా బిడ్డ ఎటు సూస్తున్నది?"

పక్కన పడేసిన ఫొటోలు కూడా తెరిచాను. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. వెలుతురు సరిచూసుకోవడానికి తీసి, ఎవరికీ చూపించకుండా వదిలేసిన ఫొటో. జుట్టు చెదిరి ఉంది, కొంచెం మసకగా కూడా ఉంది. కానీ నేరుగా చూస్తోంది, పెదాలు కాస్త తెరిచి.

"ఏమో అడుగుతున్నట్టుంది" అన్నాడాయన.

ఏమడిగేదో చెప్పాను.

ఆయన తెర మీద, ఆమె చెంప దగ్గర చెయ్యి పెట్టి, "మంచిగొచ్చినవ్ బిడ్డా" అన్నాడు.