పండగ కూరలన్న సంచి

నాకు అనుమానం ఎక్కువ. బాపట్లలో మా అమ్మ సొరకాయ కొనే ముందు గోరు గుచ్చి చూస్తుంది, అమ్మేవాడు వద్దని మొత్తుకున్నా వినదు. ఆ గుణం నాకు సారెతో పాటు వచ్చింది. ఊరికే వచ్చిన వస్తువునైతే అసలు నమ్మను.

దసరా వెళ్లిన మూడో రోజు, ఆదివారం పొద్దున, తెనాలిలో మా ఇంటికి ఒక సంచి వచ్చింది. రేపల్లెలో మా బావగారి ఎదురింటాయన పనిమీద ఇటు వస్తూ తెచ్చాడు. "మీ బావగారు ఇమ్మన్నారండి. పండగ కూరలు మిగిలాయంట" అని గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయాడు.

బావగారంటే మా ఆయన అన్నగారు. అన్నదమ్ములకి నాలుగేళ్లుగా మాటల్లేవు. మా అత్తగారి తద్దినం నాడు, మంత్రం మధ్యలో ఆఫీసు నుంచి ఫోను వచ్చిందని మా ఆయన పీట మీంచి లేచారు. ఇక నువ్వు రానక్కర్లేదు అన్నారు బావగారు. ఈయన మళ్లీ వెళ్లలేదు, ఆయన మళ్లీ పిలవలేదు. అలాంటి మనిషి ఇప్పుడు కూరలు పంపడమేంటి? ఇది రాజీయో, ఎత్తిపొడుపో తేలాలి.

సంచి బోర్లించాను. అరటికాయలు, కాకరకాయలు, చేమదుంపలు, ఒక పొట్లకాయ, సగం కోసిన కంద. పండగై మూడు రోజులైనా పొట్లకాయ నవనవలాడుతోంది. పైగా ఒక్క బంగాళాదుంప లేదు, క్యాబేజీ లేదు, క్యారెట్ లేదు. బంగాళాదుంప వేపుడు లేకుండా ఆ ఇంట్లో పండగ జరగదు. తద్దినం వంటకి పనికిరావని అవేవీ ఆ ఇంట్లోకి రాని రోజు ఏడాదికి ఒక్కటే. వేళ్ల మీద తిథులు లెక్కపెట్టాను. నిన్న ద్వాదశి, అత్తగారు పోయిన తిథి. నాకు గుర్తే లేదు. నిన్న మా ఆయన కడుపు బాగాలేదని టిఫిన్ తినకుండా ఆఫీసుకి వెళ్లింది అందుకన్నమాట.

ఒళ్లు మండింది. పిలవకుండా తద్దినం పెట్టుకుని, మిగిలినవి పండగ పేరు చెప్పి మా మొహాన కొట్టారనుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే ముట్టుకోవద్దంది. కానీ ఇంట్లో ఇడ్లీ పిండి లేదు, ఫ్రిజ్‌లో రెండు పచ్చిమిరపకాయలు తప్ప కూరలన్నవి లేవు. పారెయ్యడానికి చేతులు రాలేదు.

కంద, చేమ, అరటికాయ ముక్కలు చింతపండు పులుసులో వేసి బెల్లం తగిలించాను. కాకరకాయలు వేయించి కారం చల్లాను. పొట్లకాయ పెసరపప్పుతో వండాను. ఇంకో పొయ్యి మీద పులగం పెట్టాను. కంద దురద పెడుతుందేమోనని ఉడికిన ముక్క చివర తుంచి నాలుక మీద పెట్టుకుని కాసేపు ఆగాను. ఏమీ కాలేదు. దాన్నీ అనుమానించి ఇంకో ముక్క తిన్నాను.

అన్నీ అయ్యేసరికి పదిన్నర దాటింది. టిఫిన్‌కి ఆలస్యం, భోజనానికి తొందర. మా ఆయన కూర్చోగానే, ముద్ద నోట్లో పెట్టకముందే జరిగింది చెప్పేశాను. మీ అన్నయ్య మనకి చేసిన మర్యాద చూశారా అని కూడా అన్నాను.

ఆయన కోపగించుకుంటారనుకున్నాను. ఆయన కంచం దగ్గరికి లాక్కున్నారు.

"తద్దినానికి తెచ్చినవి మా ఇంట్లో బయటివాళ్లకి ఇవ్వరు. ముక్క మిగిలినా ఇంట్లోవాళ్లే తినాలి. అమ్మ ఉన్నప్పట్నించీ అంతే" అన్నారు.

నాకు సిగ్గేసింది. ఆ సంగతి నాకు తెలియదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఎప్పుడూ అడగలేదు. అన్నీ గుచ్చి గుచ్చి చూసేదాన్ని, అది మాత్రం చూడలేదు.

ఆయన పులగంలో పులుసు కలుపుకుని తిన్నారు. రెండోసారి కంద ముక్కలు అడిగి వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండానే ఫోను తీశారు. బావగారు ఎత్తరని నా అనుమానం. రెండో రింగుకే ఎత్తారు.

"అన్నయ్యా, భోంచేశాను" అన్నారు మా ఆయన.